అవ్వ ఉడకబెట్టిన ఇంజను

అమ్మ పోయిన తర్వాత ఆమె కుట్టుమిషను నా వాటాకు వచ్చింది. వాటా అంటే ఏదో పెద్ద పంపకాలు జరిగాయని అనుకోకండి. మా సొంతూరు కోటలో తమ్ముడింట్లో అందరం కూర్చుని ఉంటే, "అక్కా, అమ్మ సామాన్లలో నీకేం కావాలో తీసుకో" అన్నాడు వాడు. మిషను అడిగాను. నెల్లూరులో నేనుండే ఫ్లాటులో దాన్ని పెట్టడానికి చోటు లేదని తెలిసీ అడిగాను. మిషనుతోపాటు దాని సొరుగులోని బాబిన్లు, సుద్దముక్కలు, రంగు వెలిసిన కొలత టేపు వచ్చాయి. మిషను పక్కన ఎప్పుడూ ఉండే గుండీల పళ్ళెం కూడా వచ్చింది. పళ్ళెం అని మేం అనడమే గానీ నిజానికి అది పళ్ళెం కాదు. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, చుట్టూ ఎత్తయిన అంచు, ఒక చివర గుండ్రటి రంధ్రం. ఆ రంధ్రంలో గుడ్డముక్క కుక్కి అమ్మ అందులో గుండీలు పోసుకునేది. రంగు చూస్తే వానకు తడిసిన బండరాయి నలుపు.

తమ్ముడి కూతురు శీల దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేందత్తా, రొట్టెలు కాల్చే రేకా?" అంది. కారు ఇంజను మూత, టాపెట్ కవర్ అంటారు అని చెప్పాను. "అల్యూమినియమా? అయితే మా ఆయనకియ్యత్తా. ఫోన్లో వీడియోలు చూసి వాళ్ళ బండి ఇంజనంతా ఇంట్లోనే పాలిష్ కొట్టినాడు. డ్రిల్లుకు గుడ్డ చక్రం తగిలించి ఒక పూటలో దీన్ని అద్దం చేసి పెడతాడు" అంది. ఆ పిల్ల చేతిలోంచి దాన్ని కొంచెం విసురుగానే లాక్కున్నట్టున్నాను, ఆశ్చర్యంగా చూసింది. "ఇది ఒకసారి అద్దం అయిందేలే తల్లీ. అద్దం చేసింది మీ తాత. దాన్ని ఇట్టా నల్లగా చేసింది మీ తాత వాళ్ళమ్మ, మా అవ్వ" అన్నాను. ఆ పూట ఆ పిల్లకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను, అప్పుడు గుర్తుకు రానివి కొన్ని కలిపి.

మా నాయన పేరు సామేలు. కోటలో ఆయనకున్న తెల్ల కారు ఒక డాక్టరమ్మది. ఏళ్ళ తరబడి ఆమె దగ్గర డ్రైవరుగా చేశాడు, ఆమె ఊరు విడిచి వెళ్తూ కారును ఆయన చేతిలోనే పెట్టి వెళ్ళింది. అప్పటినుంచి అది ఊరందరి కారు. పెళ్ళికూతుర్ని చర్చికి తీసుకుపోవాలన్నా, జ్వరమొచ్చిన బిడ్డను గూడూరు ఆసుపత్రికి చేర్చాలన్నా, "సామేలన్న బండి ఉండాదా?" అని మా గుమ్మం ముందుకు వచ్చేవాళ్ళు. నాయన పొద్దున్నే కాఫీ కన్నా ముందు కారును తుడిచేవాడు. తుడిచిన గుడ్డను పిండి, మడత పెట్టి, ప్రతిరోజూ అదే మేకుకు తగిలించేవాడు. మాటలు తక్కువ మనిషి. కోపం వచ్చినా అది ఆ మడతలోనే కనిపించాలి.

ఒక ఎండాకాలం మొదట్లో, కోతలప్పుడు, సముద్రం వైపు పల్లెనుంచి నొప్పులు పడుతున్న ఒక చేపలవాళ్ళ అమ్మాయిని ఎక్కించుకుని వస్తున్నాడు. రైతులు తారు రోడ్డు మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. ఎదురుగా ఎడ్లబండి వస్తే పక్కకు తిప్పాడు. చక్రాలు వడ్ల మీద జారి, కారు మెల్లగా వెళ్ళి కాలవలోకి ముక్కు పెట్టింది. ఆ పిల్లను చుట్టుపక్కల కోతవాళ్ళు ఎత్తి ఒడ్డుకు చేర్చారు, వచ్చే లారీ ఆపి ఎక్కించారు. సాయంత్రానికి గూడూరులో మగబిడ్డ పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. ఎవరికీ గీత కూడా పడలేదు, వడ్లు పోయిన రైతు కూడా పల్లెత్తు మాట అనలేదు. కానీ కారు నీళ్ళలోకి దిగేటప్పుడు వెనక సీట్లోంచి ఆ పిల్ల అరిచిన అరుపు నాయన చెవుల్లో ఉండిపోయింది. ఈ సంగతి ఆయన మాకెప్పుడూ చెప్పలేదు. నిద్రలో ఉలిక్కిపడితే అమ్మకు తెలిసింది, అమ్మ ద్వారా మాకు తెలిసింది.

కాలవ నీళ్ళు ఇంజనులోకి పోయాయి కాబట్టి విప్పక తప్పలేదు. మెకానిక్ మస్తాన్, నాయనకు చిన్నప్పటి స్నేహితుడు, మా పెరట్లోనే ఇంజను విప్పాడు. ఇనుప భాగాలు కడిగి నూనె పూసి పక్కన పెట్టాడు. మూతలు, గొట్టాలు, అల్యూమినియంతో చేసినవన్నీ నాయన ముందేసుకుని, "ఇవి నేను శుభ్రం చేస్తాలే మస్తానూ. ఉప్పు గాలికి తెల్ల బూజు పట్టుండాయి" అన్నాడు. అది నిజమే. మా వైపు తూర్పు గాలి వీస్తే కిటికీ ఊచలే తుప్పు పడతాయి, అల్యూమినియం మీద పిండి చల్లినట్టు తెల్లగా పొంగుతుంది. నున్నగా అద్దంలా ఉంటే ఉప్పు నిలవదనేది నాయన సిద్ధాంతం. అలా మొదలైంది ఆ పని. మస్తాన్ వారం తర్వాత బిగిద్దామని వచ్చాడు, ఇంకో వారం ఆగమన్నాడు నాయన. ఆ తర్వాత మస్తాన్ వచ్చినప్పుడల్లా ఊరికే టీ తాగి వెళ్ళేవాడు.

ఆ పని ఎలా చేసేవాడో నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ముందు ఆకురాయితో పోతపోసిన గరుకంతా తీసేవాడు. తర్వాత గరుకు కాగితం. ఆ తర్వాత వాటర్ పేపరు, కిరసనాయిలులో ముంచి. ఒక కాగితంతో నిలువుగా రుద్దితే తర్వాతి కాగితంతో అడ్డంగా రుద్దాలి, ముందరి గీతలన్నీ పోయిందాకా ఆగకూడదు, ఒక్క గీత మిగిలినా చివర్లో అదే ఎక్కిరిస్తుందనేవాడు. వేళ్ళ సందుల్లో నల్లటి గంజిలాంటిది చేరేది. ఎంత తోమినా గోళ్ళలోంచి పోయేది కాదు, అన్నం కలుపుకుంటుంటే అవ్వ మొహం తిప్పుకునేది. చివర్లో గుడ్డ చక్రం మీద ఆకుపచ్చ పాలిష్ సబ్బు పూసి మెరుగు పెట్టేవాడు. ఆఖరికి కోవూరు మిల్లునుంచి వచ్చే సన్న తవుడుతో జిడ్డంతా తుడిచేవాడు. కిరసనాయిలు, కాలిన గుడ్డ, తియ్యటి తవుడు, పక్కింటి దడి మీద ఎండుతున్న చేపలు: ఆ ఏడాదంతా మా ఇంటినిండా ఆ నాలుగు వాసనలే. మెరుగు సరిపోయిందా లేదా చూడటానికి అగ్గిపెట్టె ఎదురుగా పట్టేవాడు. దాని మీది అక్షరాలు మూతలో తలకిందులుగానైనా స్పష్టంగా కనబడితే తల ఊపేవాడు. మరుసటి పొద్దు అదే మూతను ఎండలో పెట్టి, కళ్ళు చికిలించి, ఎక్కడో ఒక గీత కనిపెట్టి, మళ్ళీ గరుకు కాగితం అందుకునేవాడు.

ఆ గుడ్డ చక్రం తిప్పడానికి మోటారు ఎక్కడిది మాకు? అమ్మ కుట్టుమిషనే. మిషను తలకాయనుంచి తోలు బెల్టు తప్పించి, బల్ల చివర బిగించిన చిన్న కప్పీకి తగిలిస్తే, కింద కాలితో తొక్కుతుంటే పైన చక్రం గిర్రున తిరిగేది. చక్రం కూడా ఇంట్లో తయారైనదే, ఆయన పాత లుంగీలు గుండ్రంగా కత్తిరించి, దొంతరగా పేర్చి, కుట్టినది. కుట్టింది మళ్ళీ అమ్మే. ఇల్లు గడుస్తున్నది అమ్మ కుట్టే జాకెట్ల మీద. అయినా మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె నడుం వాల్చే వేళ మిషను నాయనది. అమ్మ తొక్కితే మిషను వాన కురిసినట్టు సన్నగా పలికేది, నాయన తొక్కితే ఇల్లంతా మూలిగేది. "నీ లుంగీలన్నీ అయిపోతే ఏం గట్టుకుంటావయ్యా?" అనేది అమ్మ నవ్వుతూనే. మొదట్లో నవ్వుతూనే అనేది.

కాన్పయిన ఆ పిల్లా, మొగుడూ ఒకసారి బిడ్డను ఎత్తుకుని మా ఇంటికి వచ్చారు. మూటనిండా ఎండుచేపలు తెచ్చారు. "సామేలన్న ఆ పొద్దు బండి తియ్యకపోతే పల్లెలోనే కాన్పు గావాల్సింది, బతికేదాన్ని గాదక్కా" అంది ఆ పిల్ల అమ్మతో. నాయన పెరట్లో ఉండి కూడా ఇవతలికి రాలేదు. నేను వెళ్ళి పిలిస్తే, చేతులు మురికిగా ఉన్నాయన్నాడు. నాకప్పుడు స్కూలు చివరి తరగతి చదివే వయసు, అన్నీ తెలుసనుకునే వయసు. ఆ పూట మాత్రం నిజంగానే ఒకటి తెలిసింది. నాయన ఆ మూతలను మెరిపించడం లేదు. వాటి వెనక దాక్కుంటున్నాడు. మెరుగు పూర్తయితే ఇంజను బిగించాలి, బిగిస్తే బండి తియ్యాలి, తీస్తే స్టీరింగు ముందు కూర్చోవాలి. ఆయనకు కాళ్ళు రావడం లేదు. ఎంత బాధేసిందంటే, ఆయన మీద కోపం కూడా వచ్చింది.

ఇది ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎదుట అనరు. అనేదల్లా అవ్వ, అదీ దేవుడితో. దీపాలు పెట్టే వేళకు చాప పరిచి ప్రార్థన చేసుకోవడం మా ఇంటి అలవాటు. ఆఖరి ప్రార్థన అవ్వది. మనుషుల మొహం మీద చెప్పలేని ఫిర్యాదులన్నీ అవ్వ కళ్ళు మూసుకుని దేవుడికి చెప్పేది, మేం వినాల్సినంత గట్టిగా. "ప్రభువా, ఈ ఇంట్లో ఒకమ్మి లెక్కలు జెయ్యకుండా కతల పుస్తకాలు చదవతా ఉండాది, దాన్ని మార్చు తండ్రీ" అంటే అది నా గురించి. ఆ ఏడాది ప్రార్థనంతా నాయన మీదనే. "ప్రభువా, నీళ్ళ మీద నడిచే ధైర్యం పేతురుకిచ్చినావు. రోడ్డు మీద నడిపే ధైర్యం మా సామేలుకియ్యలేవా నాయనా?" అనేది. అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేవాడు నాయన. మరుసటి మధ్యాహ్నం మళ్ళీ మిషను మూలిగేది.

వానలు తగ్గి క్రిస్మస్ దగ్గర పడింది. పండగ వెళ్ళిన వారానికే మా చర్చిలో సరోజ పెళ్ళి. సరోజ నాకు స్నేహితురాలు, నేనే తోడిపెళ్ళికూతుర్ని. మా పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు కట్టేది తెల్ల పట్టుచీర. దాని మీది తెల్ల జాకెట్టు అమ్మ కుట్టింది, హుక్కులు వెయ్యడమే తరువాయి, మడిచి మిషను బల్ల కింది అరలో పెట్టి పడుకుంది. లేచి చూసేసరికి చేతి మీద, భుజం మీద నల్లటి చుక్కలు. చక్రం తిరిగేటప్పుడు చిమ్మిన పాలిష్ మురికి. సబ్బు పెట్టింది, పెరుగు పెట్టింది, ముగ్గుపిండి రుద్దింది. నలుపు బూడిద రంగయింది గానీ పోలేదు. చివరికి అమ్మ గోడకు ఆనుకుని, ఆ జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. అమ్మ ఏడవడం మేం చూడటం అదే మొదలు. నాయన గుమ్మంలో నిలబడి చేతుల వంక చూసుకుంటున్నాడు.

సరోజ వాళ్ళమ్మకు దాచకుండా చెప్పేసింది అమ్మ. చీర కట్టినప్పుడు లోపలికి దోపుకునే కొసనుంచి ముక్క తీసి కొత్త జాకెట్టు కుడతానంది. ఆమె మంచి మనిషి. "జాకెట్టుదేముందిలే రూతమ్మా. మా పిల్లను సామేలన్న బండిలో చర్చికి పంపాలని మా ఆశ. ఆ సంగతి జెప్పు. ఇంగ బండి తియ్యడంట, వేరే బండి మాట్లాడుకోండని అందరూ అంటుండారు" అంది.  తిన్నె మీద కూర్చుని ఆకులో సున్నం రాసుకుంటున్న అవ్వ అంతా వింది. ఆ సాయంత్రం ప్రార్థనలో అవ్వ నాయన ఊసే ఎత్తలేదు. నాకది వింతగా అనిపించింది.

క్రిస్మస్ ముందు మా ఇళ్ళలో గోడలకు సున్నం కొట్టి, అటక మీది సామానుతో సహా అన్నీ దించి తోముతారు. ఆ రోజు నాయన సున్నం తేవడానికి వెళ్ళాడు, అమ్మ లోపల కొత్త జాకెట్టు కుడుతోంది. అవ్వ పెరట్లో మూడు రాళ్ళ మీద నీళ్ళు కాచే పెద్ద కాగు ఎక్కించి, మురికి బట్టలు ఉడకబెట్టినట్టు దాన్నిండా బట్టల సోడా పోసింది. నేను బిందె తీసుకుని నీళ్ళకు పోయి వచ్చేసరికి కాగు నురగలు కక్కుతోంది. నురగలోంచి టాపెట్ కవర్ మూల ఒకటి పైకి పొడుచుకొచ్చి కనబడింది. "అవ్వా!" అని కేక పెట్టాను. కట్టెతో లాగి బయట వేశాం. నాయన ఆ ఏడాదంతా రుద్దిన మూతలు, గొట్టాలు అన్నీ, ఒక్కటి మిగలకుండా, బొగ్గులా నల్లబడిపోయాయి. "అయ్యో, ఇత్తడి బిందెలకు మల్లే తళతళలాడతాయనుకుంటినే" అంది అవ్వ, బుగ్గన చెయ్యి పెట్టుకుని.

నాయన వచ్చాడు. సున్నం తట్ట దించాడు. టాపెట్ కవర్ చేతిలోకి తీసుకుని వేలితో రుద్దాడు, వేలికి మసి అంటింది. అమ్మ కుట్టు ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈయన ఇప్పుడు అరుస్తాడా, ఏడుస్తాడా, లేక మళ్ళీ ఆకురాయి అందుకుంటాడా. అందుకుంటే ఇంక ఈ జన్మకు ఆ బండి కదలదని నాకు అర్థమయింది. ఆయన చాలాసేపు అవ్వ వంక చూశాడు. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. "సుగుణా, పొయ్యి మస్తాన్ మామను రమ్మను. పానాల పెట్టె తీసుకోని రమ్మను" అన్నాడు నాతో. నేను చెప్పుల్లేకుండా పరిగెత్తాను.

ఇద్దరూ కలిసి ఇంజను బిగించారు. ఆ నల్లటి మూత పైన పెట్టేటప్పుడు మస్తాన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇన్నాళ్ళు వెండి జేసి ఇప్పుడు బొగ్గు బిగిస్తుండావేందన్నా?" అన్నాడు. "వెండి అయితే ఏంది, బొగ్గయితే ఏంది. నూనె కారకపోతే చాలు" అన్నాడు నాయన. ఇంజను దగ్గి, మూలిగి, చివరికి అందుకుంది. ఆ సాయంత్రం అవ్వ ప్రార్థన చేస్తూ, "ఏమీ తెలవని ముసిలిదాన్ని, నా కొడుకు కష్టమంతా కాగులో పోస్తిని, నన్ను క్షమించు తండ్రీ" అంది. నాయన ఆమెన్ అన్నాడు, ఎందుకో ఈసారి మెల్లగా.

పెళ్ళినాడు వెనక సీట్లో సరోజ, నేను, వాళ్ళమ్మ. ముందు సీట్లో నాయన పక్కన అవ్వ. ఎన్నడూ కారెక్కని మనిషి, ఆ రోజు ఎవరెంత చెప్పినా దిగలేదు. సరోజ వాళ్ళ ఇల్లు ఊరికి అవతల ఉంది. చర్చికి రావాలంటే ఆ కాలవ పక్కగానే రావాలి. నాయన ఎంత నిదానంగా తోలాడంటే సైకిళ్ళవాళ్ళు మమ్మల్ని దాటుకుంటూ లోపలికి తొంగిచూశారు. కాలవ దగ్గర కారు ఆగింది. "ఏంది మామా, ఆపినావే?" అంది సరోజ. "ఏం లేదమ్మే, ఇంజను వేడెక్కిందేమో చూస్తా" అని దిగి బానెట్ ఎత్తాడు. సందులోంచి ఆయన కడుపు దగ్గర చొక్కా, చేతులు మాత్రమే నాకు కనిపిస్తున్నాయి. చూడటానికి అక్కడ మెరిసేదేమీ లేదు. తుడవడానికీ ఏమీ లేదు. కాసేపటికి బానెట్ దించి వచ్చి కూర్చున్నాడు. చొక్కా తడిసిపోయి ఉంది. "పోనీరా అబ్బయ్యా. పాస్టరు అయ్యగారు చర్చిలో కాచుకోనుంటాడు" అంది అవ్వ, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి చర్చి గేటు దాకా తియ్యలేదు. ఆ తర్వాత నాయన ఓపిక ఉన్నన్నాళ్ళూ బండి తోలాడు. నేను పెళ్ళికూతురినై చర్చికి వెళ్ళిందీ ఆ కారులోనే. కారు పాత సామాను కింద ముక్కలుగా అమ్ముడుపోయిన రోజున మస్తాన్ మామ టాపెట్ కవర్ మాత్రం తెచ్చి అమ్మకిచ్చాడు, అమ్మ గుండీలు పోసుకుంది.

ఇప్పుడు కోటలో కార్లకు కొదవ లేదు. రొయ్యల గుంటల దాకా కార్లు పోతున్నాయి. నొప్పులొస్తే ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది, అది మంచిదే, ఆ పాత రోజులు రావాలని నేను కోరుకోను. శీల మొగుడు పాలిష్ కొట్టే వీడియో కూడా చూశాను. బాగా చేస్తాడు, ఓపికమంతుడు, నాయన ఏడాది రుద్దినా రాని మెరుపు వాడికి ఒక పూటలో వచ్చింది. అయితే ఆ ఫోన్ ముందు గంటలకొద్దీ కూర్చునే వాళ్ళను చూస్తుంటే, వీళ్ళలో ఎవరు పని చేస్తున్నారో, ఎవరు దాక్కుంటున్నారో కనిపెట్టే మనిషి ఆ ఇళ్ళలో ఉందా అని ఆలోచన వస్తుంది. మా ఇంట్లో ఉండేది. ఉండేదని మాకు చాలా ఏళ్ళు తెలియదు. ప్రతి క్రిస్మస్‌కీ గిన్నెలు తోమేటప్పుడు, "అవ్వా, ఈసారి యాడైనా ఇంజను దొరికిందా ఉడకబెట్టను?" అని ఏడిపించేవాళ్ళం. ఆమె కూడా మాతో కలిసి బోసినోటితో నవ్వేది.

అవ్వ మంచం పట్టిన చివరి రోజుల్లో నేను చూడటానికి వెళ్ళాను. నాయన సిల్వర్ గిన్నెలో గంజి పట్టుకుని చెంచాతో తాగిస్తున్నాడు. మేం అల్యూమినియం గిన్నెను సిల్వర్ గిన్నె అనేవాళ్ళం, మా వంటింట్లో సగం గిన్నెలు అవే. గంజి అయ్యాక గిన్నె కడగడానికి నేను తీసుకుంటుంటే, అవ్వ కళ్ళు తెరవకుండానే, "అమ్మే, సిల్వర్ గిన్నెకు సోడా పెట్టబాక. నల్లబడతాది" అంది. నా చిన్నప్పటినుంచీ చెబుతున్న మాటే, నోటికి అలవాటుగా వచ్చేసింది. నేను గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆమెకు తెలుసు. కాగు పొయ్యి మీదికి ఎక్కించిన రోజూ తెలుసు. నాయన వైపు చూశాను. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు.

"ఆ పొద్దే తెలిసిందిలేమ్మా నాకు" అన్నాడు నాయన, ఆమె మూతి తుడుస్తూ.  ఆమె దుప్పటి సర్ది, "అయినా అంత భక్తురాలివి, ఆ సాయంత్రం దేవుడి ముందర కళ్ళు మూసుకోని అంత అబద్ధం ఎట్ట జెప్పినావే?" అన్నాడు.

అవ్వ అప్పుడు కళ్ళు తెరిచింది.

"ఆయనకు పొద్దున్నే జెప్పినాలేరా" అంది. "సాయంత్రం జెప్పింది నీకు."